ఎర్నమ్మ కొట్టు ఎదురుగా

గజపతిపేటలో ప్రజ్వల వంటగ్యాస్ సంస్థకు నాలుగు వేల రెండువందల పదహారుమంది వినియోగదారులున్నారు. వాళ్లలో సగంమంది ఎక్కడుంటారో సంస్థకు తెలియదని హెడ్డాఫీసువారు ఒక మంచిరోజు చూసుకుని కనిపెట్టారు. తెలియకపోయినా పాతికేళ్లుగా సిలిండర్లు ఇళ్లకు చేరుతూనే ఉన్నాయి. ఇళ్లన్నీ బండి నడిపే గురువులుకు తెలుసు. గురువులుకు తెలియనివి బుకింగు గుమస్తా గొర్లె సింహాద్రికి తెలుసు. అయితే ఈ ఇద్దరి బుర్రలూ కంప్యూటరులో లేవు గనక సంస్థకు తెలియనట్టే లెక్క.

హెడ్డాఫీసు తనిఖీలో బయటపడ్డ సంగతులు అన్నీఇన్నీ కావు. పేరు ఉండాల్సిన గడిలో ఊరు ఉంది, ఊరు ఉండాల్సిన గడిలో అల్లుడి పేరు ఉంది. నాలుగు వందలమంది పుట్టినతేదీ ఒకటే. ఒకాయన చిరునామా గడిలో 'గురువులుకు తెలుసు' అని మాత్రమే రాసి ఉంది. నిజానికి ఆ రిజిస్టరు మొత్తంలో అంత కచ్చితమైన చిరునామా ఇంకొకటి లేదు. కాని తనిఖీవారు దానికి ఎర్రరంగు పూసి, గజపతిపేట శాఖ నాణ్యత నూటికి అరవై ఒకటి అని తేల్చి, మూడు నెలల్లో తొంభై దాటకపోతే శాఖనే ఎత్తేస్తామని రాసి పంపారు.

శాఖాధిపతి ఉమామహేశ్వర పట్నాయక్ గారు ఆ కాగితం పట్టుకుని విశాఖపట్నంలో ఏదో పెద్ద హోటల్లో జరిగిన మూడురోజుల శిక్షణకు వెళ్లారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చేటప్పటికి భుజాన ఒక సంచీ, నోట్లో 'ప్రాధాన్యం' అనే మాటా ఉన్నాయి. సింహాద్రిని గదిలోకి పిలిచి, గోడమీద అంటించిన నాలుగుగళ్ల పటం చూపించారు.

"సింహాద్రిగారూ, తప్పులు దిద్దేవాడు గుమస్తా. ఏ తప్పు ముందు దిద్దాలో నిర్ణయించేవాడు అధికారి. ఈ రెంటికీ ఉన్న తేడాయే యాజమాన్య శాస్త్రం."

"చిత్తం సార్."

"వెయ్యిమందికి పైగా తగిలే తప్పు మొదటి తరగతి. వందకు పైన రెండో తరగతి. పదికి పైన మూడు. ఆ తరవాత మిగిలినవన్నీ నాలుగు. మొదటి తరగతి పూర్తిగా ఖాళీ అయితేగాని రెండో తరగతి ముట్టుకోరాదు. రెండు ఖాళీ అయితేగాని మూడు. అర్థమైందా?"

"మరి నాలుగో తరగతి ఎప్పుడు ముట్టుకుంటాం సార్?"

పట్నాయక్ గారు ఈ ప్రశ్నకు సంతోషించారు. శిక్షణలో కూడా ఎవరో ఇదే అడిగారట. "ముట్టుకోం. అదే దాని లక్షణం" అన్నారు.

ఆ సాయంత్రమే 'సమాచార నాణ్యతా విభాగం' ఏర్పడింది. మెట్లకింద ఒక బల్ల, ఒక కంప్యూటరు, గోడకు ఆ నాలుగుగళ్ల పటం నకలు, సింహాద్రి. యాభై రెండేళ్ల మనిషి, పాతికేళ్లు కౌంటరు దగ్గర నిలబడి ఊరి మొహాలన్నీ చూసినవాడు, ఇప్పుడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పని మొదలైన వారంలోనే యంత్రం తనంతట తాను ఒక ఘనకార్యం చేసింది. ఒకే మనిషి రెండుసార్లు నమోదైన చోట్ల ఒకటి తీసేసింది. నాణ్యత రెండు మార్కులు పెరిగింది. పట్నాయక్ గారు లడ్డూలు పంచారు.

లడ్డూ ఇంకా నోట్లో ఉండగానే ఎర్నమ్మ వచ్చింది.

కమలా టాకీసు గేటుకి ఎదురుగా ఇడ్లీ కొట్టు పెట్టుకున్న మనిషి ఎర్నమ్మ. టాకీసు పడగొట్టి పదకొండేళ్లయింది గాని కొట్టు మాత్రం అక్కడే ఉంది. సింహాద్రి ఇల్లు ఆ పక్కవీధే. ప్రతి ఉదయం నాలుగిడ్లీలు అక్కడే తింటాడు. ఆమెను అప్పా అని పిలుస్తాడు, ఆ వైపు అక్కను అలాగే అంటారు.

"తమ్ముడూ, నాలుగు దినాలైనాది. బుక్ సేస్తే 'మీకు ఇచ్చేసినాం' అంతంది ఆ పోను. ఎవులికిచ్చినారేటి?" అంటూ నీలం రంగు గ్యాస్ పుస్తకం బల్లమీద పెట్టింది.

సింహాద్రి యంత్రంలో చూశాడు. విషయం తేటతెల్లమైంది. రైలుగేటు దగ్గర ఇంకో ఎర్నమ్మ ఉంది. ఈ ఎర్నమ్మ మొగుడూ అప్పన్నే, ఆ ఎర్నమ్మ మొగుడూ అప్పన్నే. ఆ అప్పన్న రోజూ రిక్షా తొక్కుతున్నాడు, ఈ అప్పన్న పోయి తొమ్మిదేళ్లయింది. అంతటి తేడా యంత్రానికి ఆనలేదు. ఇద్దర్నీ ఒకరిగా చేసి, ఈమెను తీసేసింది.

"అప్పా, నువ్వు రికార్డులో లేవు" అన్నాడు సింహాద్రి. చెప్పడానికి అతనికి సిగ్గేసింది.

"నేకపోవడవేటి? నీకు తెల్లారి ఇడ్లీ ఎట్టింది ఎవులు?"

"నువ్వే."

"మరింకేటి! నాను ఉన్నానని అందులో రాసీ."

రెండు నిమిషాల పని. కాని ఇద్దర్నీ విడగొట్టే పాస్‌వర్డు తాళం పట్నాయక్ గారి దగ్గర ఉంది. సింహాద్రి లోపలికి వెళ్లాడు.

"ఎంతమందికి తగిలిన తప్పు ఇది?" అడిగారు ఆయన.

"ఒక్క మనిషికి సార్. కాని ఆమె కష్టం పెద్దది. నెల కిందటే కంటికి ఆపరేషనైంది. పొగ తగిలితే చూపు నిలవదని డాక్టరు చెప్పాడు. గ్యాసు లేక కట్టెలపొయ్యి మీద వండుతోంది."

పట్నాయక్ గారు నిజంగానే నొచ్చుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయ్యో పాపం. నాలుగో తరగతి" అన్నారు.

ఎర్నమ్మ పుస్తకం కొంగున చుట్టుకుని వెళ్లింది. పోతూపోతూ, "ఏటైనా మారితే సెప్పు, మళ్లా వత్తాను" అంది. సింహాద్రి నోట్లో లడ్డూ చేదుగా తోచింది.

మొదటి తరగతిలో మొదటి తప్పు ఏమిటో మర్నాడు తేలింది. వెయ్యిన్నూట నలభైమంది చిరునామాలో 'కమలా టాకీసు ఎదురుగా' అని ఉంది. ఎదురుగా ఉన్నవి పది ఇళ్లే. కాని పక్కనున్నవాళ్లూ, వెనకున్నవాళ్లూ, అరమైలు అవతల కాలవగట్టు మీదున్నవాళ్లూ అందరూ ఎదురుగానే రాయించుకున్నారు. ఊళ్లో మర్యాద అది. వెనక అని రాయించుకుంటే ఎవరికి బాగుంటుంది? ఇప్పుడు చిక్కల్లా ఏమిటంటే, ప్రతి చిరునామాకూ ఒక కొండగుర్తు ఉండాలి, ఆ కొండగుర్తు భూమ్మీద ఉండాలి అని కొత్త నిబంధన. టాకీసు భూమ్మీద లేదు. కాబట్టి వెయ్యిన్నూట నలభైమంది దేనికీ ఎదురుగా లేరు.

"పాత కమలా టాకీసు ఎదురుగా అని మార్చేద్దాం సార్. ఊరంతా అలాగే అంటోంది" అన్నాడు సింహాద్రి.

"మార్పు చేస్తే ప్రతి ఒక్కరి సంతకం, ఫోటో, వేలిముద్ర తీసుకోవాలి. మనిషికి ఇరవై నిమిషాలు. ఎన్ని రోజులు పడుతుంది?" పట్నాయక్ గారు పటం ముందు పచార్లు చేశారు. "ఈ సమస్యను శాస్త్రీయంగా చూడాలి. ఒకవైపు వెయ్యిన్నూట నలభై రికార్డులు. ఒకవైపు ఒకే ఒక్క టాకీసు. తక్కువ దిద్దుబాటు ఎటువైపు ఉంది?"

సింహాద్రికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు.

నాలుగు రోజుల్లో ఆ ఖాళీస్థలంలో, ముళ్లచెట్ల మధ్య, రెండు ఇనపస్తంభాల మీద 'కమలా టాకీసు' అని పెద్ద బోర్డు లేచింది. రంగురంగుల అక్షరాలు. ఒక ఫోటో తీసి పంపారు. హెడ్డాఫీసు యంత్రం ఫోటో చూసి టాకీసు ఉన్నదని ఒప్పుకుంది. నాణ్యత ఒక్క పూటలో ఎనభై ఏడుకు ఎగబాకింది.

ఊళ్లో దాని ఫలితం వేరేగా ఉంది. పల్లెటూళ్లనుంచి సంతకొచ్చినవాళ్లు బోర్డు కింద క్యూ కట్టారు. మాట్నీ ఎప్పుడని ఎర్నమ్మను అడిగారు. ఆమె ఓపిగ్గా, "ఇది గేసోళ్ల సినీమా నాయినా, బొమ్మ పడదు" అని చెప్పి ఇడ్లీ పెట్టింది. పొయ్యిలో కట్టెలు పచ్చివి. ఊదినప్పుడల్లా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. కొంగుతో ఒత్తుకుంటూ, "తమ్ముడూ, నా సంగతి ఏటైనాది?" అంది సింహాద్రితో.

"ఇంకా మొదటి తరగతిలోనే ఉన్నాం అప్పా."

"మా మనవరాలు నాలుగైపోయి అయిదులో పడ్డాది. మీరింకా ఒకటేనేటి?"

సింహాద్రి తల వంచుకుని ఇడ్లీ తిన్నాడు.

మూడువారాలు బాగానే గడిచింది. తరవాత స్థలం ఆసామి కల్యాణమండపం కట్టుకోవడానికి జేసీబీ తెచ్చాడు. ముందుగా బోర్డు పీకించాడు. గ్యాసు సంస్థవారు వెళ్లి, తమ వినియోగదారులు ఆ బోర్డుకు ఎదురుగా ఉన్నారని నచ్చచెప్పబోయారు. "నా స్థలం మీద మీ సినీమా హాలేటండి?" అని అతను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. బోర్డు పోయింది. నాణ్యత మళ్లీ అరవైల్లో పడింది. గడువు ఇంకా నెలన్నర ఉంది.

పట్నాయక్ గారు భోజనం మానేశారు. సమావేశం పెట్టారు. సమావేశంలో ఆయనా, సింహాద్రీ, హాజరుపట్టీ.

"కదలనిదీ, ఎవరూ పీకనిదీ, ఊరందరికీ తెలిసినదీ ఒక్క కొండగుర్తు ఆ చుట్టుపక్కల లేదా సింహాద్రిగారూ?"

ఈ ప్రశ్న విన్న క్షణంలో సింహాద్రి బుర్రలో ఒక దీపం వెలిగింది. ఆ దీపం తరవాత ఎంత పని చేసిందో తలుచుకుంటే అతనికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అప్పుడు మాత్రం తన తెలివికి తానే మురిసిపోయాడు. ఎర్నమ్మ ఒక్కతే అయితే నాలుగో తరగతి. అదే ఎర్నమ్మ వెయ్యిన్నూట నలభైమందికి ఆధారమైతే? ఆమెకు తలనొప్పి వచ్చినా మొదటి తరగతే గదా!

"ఉంది సార్. ఎర్నమ్మ ఇడ్లీ కొట్టు. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది. టాకీసు కదిలింది గాని ఆమె కదల్లేదు. మన గురువులు కూడా ఎవరిల్లు తెలియకపోయినా ఆమెనే అడుగుతాడు."

పట్నాయక్ గారు లేచి సింహాద్రి చేయి పట్టుకున్నారు. "సజీవ కొండగుర్తు! దేశంలో ఎవరూ చెయ్యలేదు."

కొండగుర్తుల పట్టికలో ఒక్క గడి మార్చారు. వెయ్యిన్నూట నలభైమంది ఒక్క మీటతో 'ఎర్నమ్మ కొట్టు ఎదురుగా' అయిపోయారు. ఎవరి సంతకమూ అక్కర్లేకపోయింది. మనిషి చిరునామా మారితే సంతకం కావాలి గాని, కొండగుర్తు మారితే అక్కర్లేదట. నాణ్యత తొంభై ఒకటి. ఎర్నమ్మకు ఒక శాలువా, ఒక ధ్రువపత్రం ఇచ్చారు. 'ఇందుమూలముగా తమరిని ఈ సంస్థ అధికారిక కొండగుర్తుగా ప్రకటించుటకు సంతోషించుచున్నాము' అని అందులో ఉంది. ఎర్నమ్మ శాలువా మడిచి పిండిగిన్నె కింద పెట్టుకుంది.

"గేసు మరి?" అంది.

"రెండు రోజుల్లో వస్తుంది అప్పా. ఇప్పుడు నువ్వు మొదటి తరగతి" అన్నాడు సింహాద్రి ఛాతీ విరుచుకుని. ఆ రోజు అదనంగా రెండిడ్లీలు తిన్నాడు.

దరఖాస్తు తానే నింపాడు. పేరు ఎర్నమ్మ. భర్త కీర్తిశేషులు అప్పన్న. చిరునామా దగ్గర యంత్రం ఆగి, కొండగుర్తు అడిగింది. ఆ పేట మొత్తానికి ఉన్నది ఒకే కొండగుర్తు. సింహాద్రి దాన్నే నొక్కాడు. 'ఎర్నమ్మ, ఎర్నమ్మ కొట్టు ఎదురుగా.' యంత్రం కాసేపు గింగిరాలు తిరిగి, 'తనకు తాను ఎదురుగా ఉండుట చెల్లదు' అని ఎర్రక్షరాల్లో చెప్పింది.

పట్నాయక్ గారు నియమావళి తిరగేశారు. "యంత్రం చెప్పింది సబబే. వినియోగదారుడికి చిరునామా ఉంటుంది. కొండగుర్తుకు చిరునామా ఉండదు, కొండగుర్తే చిరునామా. కాబట్టి కొండగుర్తు వినియోగదారుడు కాజాలదు."

"సార్, ఆమె మనిషి సార్."

"ఆమెకు ఆ హోదా పోలేదు. దానికి అదనంగా ఈ హోదా వచ్చింది."

గోరుచుట్టు మీద రోకలిపోటులా అదే వారం హెడ్డాఫీసు నుంచి పరిశీలకుడు వచ్చాడు. కొండగుర్తును దూరంనుంచి దేన్నిబట్టి గుర్తుపట్టాలో నమోదు చెయ్యడం అతని పని. కొట్టుకు బోర్డు లేదు, తలుపు లేదు. నాలుగు కర్రలూ ఒక తాటాకు చూరూ. అతను రోడ్డు చివర నిలబడి చూశాడు. కొట్టు మీంచి తెల్లటి పొగ నిలువుగా లేస్తోంది. పరిశీలకుడు సంతోషంగా రాసుకున్నాడు: 'గుర్తింపు చిహ్నం - పొగ.'

ఆ పైన సింహాద్రి ఎన్ని కాగితాలు పెట్టినా ఒకటే జవాబు. పట్నాయక్ గారు అతన్ని కూర్చోబెట్టి, పిల్లాడికి లెక్క చెప్పినట్టు చెప్పారు. "ఆమెకు గ్యాసు ఇస్తే పొగ ఆగుతుంది. పొగ ఆగితే కొండగుర్తు పోతుంది. కొండగుర్తు పోతే వెయ్యిన్నూట నలభైమంది మళ్లీ దేనికీ ఎదురుగా ఉండరు. అంటే ఆమెకు గ్యాసు లేకపోవడం నాలుగో తరగతి సమస్య, గ్యాసు ఉండటం మొదటి తరగతి సమస్య. మీరే చెప్పండి, దేన్ని నివారించాలి?"

సింహాద్రి లెక్క మళ్లీ వేసి చూశాడు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. అందుకే అతనికి భయం వేసింది.

ఒకరోజు ఎర్నమ్మకు జ్వరమొచ్చి పొయ్యి వెలగలేదు. పదింటికల్లా హెడ్డాఫీసు నుంచి ఫోను. మర్నాటినుంచి 'కొండగుర్తు నిర్వహణ' కింద సంస్థే సరుగుడు కట్టెలు సరఫరా చెయ్యడం మొదలుపెట్టింది. వంటగ్యాసు బండి మీద వంటచెరుకు తీసుకొచ్చి, గురువులు దించేవాడు. దించుతూ, "తల్లీ, సిలిండ్రు కూడా బండి మీదే ఉన్నాది. ఆపీసు సీటీ నేదు. సీటీ నేకపోతే నా ఉజ్జోగం పోద్ది" అని కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ఎర్నమ్మకు వేరే కన్నీళ్లు ఉండనే ఉన్నాయి.

గడువు ఇంకా ఒక్క రోజుందనగా, ఉదయం ఏడింటికి సింహాద్రి కొట్టు దగ్గర బల్లమీద కూర్చున్నాడు. అతని ఒళ్లో ఒక పత్రం ఉంది. మూడు నెలలకోసారి కొండగుర్తు స్థితి తెలియజేసే పత్రం. కొండగుర్తు కనిపించుచున్నది, కనిపించుట లేదు, రెండు గళ్లు. ఏదో ఒకదానిలో టిక్కు పెట్టి పంపాలి.

గురువులు బండి ఆపి, "తల్లీ, ఈ కిల్లాడ సూరీడు అనీవోడి ఇల్లేటి?" అని అడిగాడు.

ఎర్నమ్మ చెయ్యెత్తి చూపించింది. "అదిగో, పచ్చ తలుపు."

ఆ తలుపు నీలం. ముప్పై ఏళ్లుగా నీలమే. ఆ తలుపుకు రంగు వేసింది అప్పన్న, ఆమె మొగుడు. గురువులు తలుపుకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు, సింహాద్రికేసి చూశాడు.

"అప్పా, అది నీలం గదా" అన్నాడు సింహాద్రి నెమ్మదిగా.

ఎర్నమ్మ ఇడ్లీరేకు దించి, ఆవిరి తొలిగేదాకా ఆగింది. "నీలవో, పచ్చో. నాకు తెల్డం నేదు తమ్ముడూ. ఈ మధ్య అన్నీ మసకే. పొగ వల్లేమో అనుకుంతన్నాను. రేపు నీకు ఇడ్లీ అనుకుని అట్టు ఎట్టెత్తానేమో, ఏటీ అనుకోకు."

నవ్వుతూనే అంది. సింహాద్రి తింటున్న ఇడ్లీ పక్కన పెట్టేశాడు. ఈమెను ఇక్కడ నిలబెట్టింది పట్నాయక్ గారు కాదు, యంత్రం కాదు, తాను. మేలు చేస్తున్నానని మురిసిపోతూ చేశాడు. ఎదుట పొగ బాగానే లేస్తోంది, రోడ్డు చివరికి కూడా కనిపిస్తోంది. సింహాద్రి జేబులోంచి కలం తీసి, 'కనిపించుట లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాడు. ఆఫీసుకు వెళ్లి, ఎవరితోనూ చెప్పకుండా యంత్రానికి ఎక్కించి, మంచినీళ్లు తాగాడు.

పది నిమిషాల్లో పట్నాయక్ గారు మెట్లకిందికి పరిగెత్తుకొచ్చారు. పాతికేళ్లలో ఆయన పరిగెత్తడం సింహాద్రి చూడలేదు.

"ఏమిటిది? కొండగుర్తు రద్దయిపోయింది! నేను వస్తూ నా కళ్లారా చూశాను. పొగ శుభ్రంగా వస్తోంది!"

"పత్రంలో లేదు సార్."

"పత్రం తప్పు!"

"అవును సార్. ఒక్క పత్రంలో ఒక్క తప్పు." సింహాద్రి గోడమీది పటంవైపు వినయంగా చూశాడు. "నాలుగో తరగతి సార్."

పట్నాయక్ గారు కూడా పటంకేసి చూశారు. తాను అంటించిన పటమే. దాన్ని కాదంటే మూడురోజుల శిక్షణా, సంచీ, హోటలు భోజనం అన్నీ కాదనాలి. ఆయన నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డారు.

"పోనీ, ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పండి."

"రద్దయిన కొండగుర్తు ఇంకా పొగ వదుల్తూనే ఉంది సార్. జనం దాన్ని చూసి ఇదే కొండగుర్తు అనుకుంటారు. వెయ్యిన్నూట నలభైమంది పొరబడే ప్రమాదం ఉంది."

పట్నాయక్ గారి కళ్లు మెరిశాయి. అలవాటైన దారి కనిపించగానే ప్రాణం లేచొచ్చింది ఆయనకు. "మొదటి తరగతి! ఆ పొగ తక్షణం ఆపాలి. ఎలా?"

"గ్యాసు ఇస్తే ఆగుతుంది సార్. ఇప్పుడామె కొండగుర్తు కాదు గనక వినియోగదారు కావచ్చు."

తాళం తిరిగింది. ఇద్దరు ఎర్నమ్మలు మూడు నెలల తరవాత విడిపడ్డారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చీటీ చేతికి రాగానే గురువులు బండిని ఎంత జోరుగా తోలాడంటే, సంతవీధిలో జనం అగ్నిప్రమాదం అనుకుని దారిచ్చారు. పదకొండింటికి ఎర్నమ్మ కొట్టు మీద పొగ ఆగిపోయింది.

కాని చిరునామా పూర్తి కావాలంటే ఒక కొండగుర్తు కావాలి. ఎర్నమ్మకూ కావాలి, మిగతా వెయ్యిన్నూట నలభైమందికీ కావాలి. గడువు మర్నాడు సాయంత్రం. పట్నాయక్ గారు సింహాద్రికేసి చాలాసేపు చూశారు. ఆ చూపులో కోపం ఎంతో, శాస్త్రీయ దృష్టి ఎంతో చెప్పడం కష్టం.

"ఆ పేటలో ఎవరిల్లు ఎక్కడుందో మీకు తెలుసునంటారు."

"తెలుసు సార్."

"మీరు రోడ్డుమీంచి కనిపిస్తారు. ఎవరూ పీకలేరు. రిటైరుమెంటుకు ఇంకా ఎనిమిదేళ్లుంది."

ఉత్తర్వు ఆ సాయంత్రమే వెలువడింది. 'సమాచార నాణ్యతా విభాగమునకు చెందిన శ్రీ గొర్లె సింహాద్రిని తక్షణమే అమలులోకి వచ్చునట్లు కొండగుర్తుగా నియమించడమైనది. వీరు కల్యాణమండప స్థలము వెలుపల, రోడ్డు మార్జినులో, ఉదయము ఆరు నుండి సాయంత్రము ఆరు వరకు కుర్చీయందు ఆసీనులై ఉండవలెను. గుర్తింపు చిహ్నము - నీలము చొక్కా. చొక్కా రంగు మార్చరాదు.' కిందనే ఇంకో వాక్యం ఉంది. 'కొండగుర్తు వినియోగదారు కాజాలనందున, వీరి గృహమునకు గల గ్యాస్ కనెక్షను ఇందుమూలముగా రద్దు చేయబడినది.'

సింహాద్రి భార్య రవణమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివించుకుంది. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డాదంట. అలగే ఉన్నాది మీ యవ్వారం" అంది. పొయ్యి వెలిగించే ప్రసక్తి లేదని తేల్చిచెప్పి, గిన్నె పట్టుకుని ఎర్నమ్మ కొట్టుకు బయల్దేరింది.

మర్నాటికి గజపతిపేట శాఖ నాణ్యత తొంభై తొమ్మిది. హెడ్డాఫీసువారు పట్నాయక్ గారికి గంధపు దండ వేసి, వచ్చే శిక్షణలో ఆయన్నే పాఠం చెప్పమన్నారు. సింహాద్రికి మాత్రం ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎండ తగలకుండా సంస్థ పేరున్న గొడుగు ఇచ్చారు. రెండు నీలం చొక్కాలు అతనే ఉతుక్కుని, ఒకటి విడిచి ఒకటి తొడుక్కుంటున్నాడు. దారిన పోయేవాళ్లు అడిగితే ఇళ్లు చూపిస్తాడు. కౌంటరు దగ్గర చేసిన పనే ఇది. ఇప్పుడు గోడ బదులు మళ్లీ మనుషుల మొహాలు కనిపిస్తున్నాయి. ఆ మాటకొస్తే మెట్లకింద బల్ల కంటే ఇదే నయమని అతనికి అప్పుడప్పుడూ అనిపిస్తుంది, పైకి అనడు.

నలభై రోజులు గడిచాయి. ఒక ఉదయం రోడ్డుకు అవతలివైపు ఎర్నమ్మ గ్యాసుపొయ్యి మీంచి ఇడ్లీపాత్ర దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఇటు చూసింది. మధ్యలో నలభై అడుగుల రోడ్డు, ఒక లారీ, రెండు ఆటోలు వెళ్లాయి. అవి దాటిపోయేదాకా ఆగి, గొంతెత్తి అరిచింది.

"తమ్ముడూ! నీ సొక్కాకి మూడో గుండీ ఊడిపోనాది, సూసుకున్నావేటి?"

సింహాద్రి తల వంచి చూసుకున్నాడు. గుండీ నిజంగానే లేదు.